బండికి బీమా ఉంది... నడిపేవాడికి ఏదీ?

వినాయక చవితి మొదలుకొని ఇరవై ఒక్క రోజుల పాటు కాణిపాకం దారులన్నీ జనంతో నిండిపోతాయి. చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి తిరుమల యాత్ర ముగించుకొని వచ్చేవారు కొందరైతే, తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ నేరుగా వచ్చేవారు మరికొందరు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, మూటలు, సంచులు. బస్సు దిగిన చోటు నుంచి, రైలు దిగిన చోటు నుంచి వీరిని గుడి వాకిలి దాకా చేర్చే పనిలో ఆటోవాళ్లు, జీపులవాళ్లు, టాక్సీలవాళ్లు తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా తిరుగుతూనే ఉంటారు.

ఆ స్టాండులో వరుసగా నిలిపిన బండ్లను ఒకసారి చూడండి. ఒక బండి అద్దం మీద వినాయకుడి బొమ్మ ఉంటుంది. పక్క బండి అద్దం మీద 786 అంకె ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు పోతూ తన బండిని పక్క బండివాడికి అప్పగించి పోయే సోదరులు మనకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా పట్టణాల్లో ఆటో తోలడం, మెకానిక్ షెడ్డులో పనిచేయడం ఎన్నో ముస్లిం కుటుంబాలకు ప్రధాన జీవనాధారం. కనుక ఈనాడు మేము ప్రస్తావించబోయే విషయం ఎక్కడో దూరాన ఉన్నవారిది కాదు. మన ఇంటిది, మన పొరుగింటిది.

మాకు తెలిసిన ఒక సోదరుడున్నాడు. పేరు అక్కరలేదు, ఎందుకంటే ఇలాంటివారు ప్రతి స్టాండులోనూ ఒకరిద్దరు ఉంటారు. చిత్తూరు - కాణిపాకం దారిలో చాలా ఏళ్లుగా ఆటో తోలుతున్నాడు. బండి సొంతం కాదు, రోజు బాడుగకు తీసుకున్నది. ఒక ఉత్సవాల కాలంలో, రాత్రి చివరి బేరం దింపి ఖాళీ బండితో తిరిగి వస్తుండగా చీకట్లో గేదె అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి బండి పక్కకు ఒరిగింది. మోకాలి కింద ఎముక విరిగింది. ముందు పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాడు. విరుపు అంత సులువైనది కాదని తేలాక ఆసుపత్రికి పోయాడు. ప్రభుత్వ వైద్య పథకం కింద ఉచితంగా శస్త్రచికిత్స చేశారు, లోపల రాడ్డు వేశారు. నాలుగు నెలలు ఆ కాలి మీద బరువు మోపకూడదని చెప్పి పంపించారు.

ఆ నాలుగు నెలలే అసలు ప్రమాదం. వారం తిరగకముందే బండి ఓనరు ఆటోను ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆయన్ని తప్పు పట్టలేము. ఆయనకూ ఫైనాన్సు కంతు కట్టాల్సి ఉంది. మొదటి నెల స్టాండులోని మిత్రులు తలా కొంత వేసుకొని ఇచ్చారు. రెండో నెల ఇంటావిడ చెవి కమ్మలు కుదువకు పోయాయి. మూడో నెల, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పెద్ద కొడుకు కాలేజీ మానేసి మెకానిక్ షెడ్డుకు పోవడం మొదలుపెట్టాడు. మేము పలకరించడానికి వెళ్లినప్పుడు ఆ సోదరుడు అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఆపరేషన్‌కి పైసా అడగలేదు భాయ్, అబద్ధం ఎందుకు చెప్పాల? కానీ ఆసుపత్రి కాగితం చూపిస్తే ఇంట్లో పొయ్యి మండతాదా?"

ఆయన కాలు అతుక్కుంది. ఆ పిల్లవాడి చదువు మాత్రం అతుక్కోలేదు.

యజమాని లేనివాడు చట్టానికి కనిపించడు

మన దేశంలో పని చేస్తూ గాయపడిన వారికి పరిహారం ఇవ్వాలన్న చట్టం కొత్తదేమీ కాదు. బ్రిటిష్ వారి కాలంలోనే, 1923లో వచ్చింది. పనిలో గాయపడి కొంతకాలం పని చేయలేకపోయిన కార్మికుడికి జీతంలో నాలుగో వంతు చొప్పున పదిహేను రోజులకొకసారి చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. నెలకు 21 వేల రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుడు ఈఎస్ఐలో ఉంటే అతని జీతం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం జమ అవుతుంది. పనిలో గాయపడితే ఉచిత వైద్యంతో పాటు, కోలుకొనే దాకా జీతంలో 90 శాతం రోజు లెక్కన చేతికి వస్తుంది. కాలు విరిగినా ఆ ఇంట పొయ్యి ఆరదు.

అయితే ఈ రెండు ఏర్పాట్లకూ పునాది ఒక్కటే. యజమాని ఉండాలి. ఆటో డ్రైవరుకు యజమాని ఎవరు? ఎక్కిన ప్రయాణికుడా? పది రూపాయలో ఇరవై రూపాయలో ఇచ్చి దిగిపోతాడు. బాడుగకు ఇచ్చిన ఓనరా? ఆయన జీతం ఇవ్వడం లేదు, తిరిగి బాడుగ తీసుకుంటున్నాడు. సొంత బండి ఉన్నవాడైతే తనకు తానే యజమాని, తనకు తానే కూలి. చట్టం తలుపు దగ్గర నిలబడి "నీ యజమానిని తీసుకురా" అంటుంది. తీసుకురావడానికి ఎవరూ లేరు.

మరి బండికి కట్టే బీమా సంగతేమిటని అడగవచ్చు. ప్రతి ఏటా వేల రూపాయలు పోసి కడుతున్నాం కదా అని మన సోదరులు చాలామంది ధీమాగా ఉంటారు. ఇక్కడే పెద్ద అపోహ ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన బీమా ప్రధానంగా ఇతరుల కోసం. బండి తగిలి దారిన పోయేవాడు గాయపడితే అతనికి పరిహారం ఉంది. ఆటోలో కూర్చున్న ప్రయాణికుడు గాయపడితే అతనికీ ఉంది. ముందు సీట్లో హ్యాండిల్ పట్టుకొని కూర్చున్నవాడు, అదీ సొంత బండి తోలుతున్నవాడు, ఈ లెక్కలో 'ఇతరుడు' కాడు.

సొంత బండివాడి కోసం వ్యక్తిగత ప్రమాద బీమా అనే మరో భాగం ఉన్నమాట నిజమే. 2018లో దాన్ని 15 లక్షల రూపాయలకు పెంచారు. చనిపోతే, కాలో చెయ్యో కన్నో శాశ్వతంగా పోతే అది వర్తిస్తుంది. సంతోషమే. కానీ నాలుగు నెలలు మంచాన పడితే దాని నుంచి పైసా రాదు. పైగా అది లైసెన్సు ఉన్న ఓనరు-డ్రైవరుకే. రోజు బాడుగకు తోలేవాడు అందులో లేడు. జీతం మీద పెట్టుకున్న డ్రైవరుకైతే యజమాని బాధ్యతను బీమా కంపెనీయే మోయాలని చట్టం చెబుతోంది. కానీ బాడుగ కట్టి తోలేవాడు తాను జీతగాడినని రుజువు చేసుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాలి.

బండికి బీమా ఉంది. ఎక్కినవారికి బీమా ఉంది. ఎదురొచ్చినవారికి బీమా ఉంది. ఏ భద్రతా లేనిది వీరందరినీ గమ్యం చేర్చేవాడికి. ఇంతకన్నా విడ్డూరం ఉందా?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా?

చేయలేదని అంటే అది అన్యాయమే అవుతుంది. ఉచిత శస్త్రచికిత్సల పథకం మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా కొనసాగుతూ వచ్చింది. ఎందరో పేదల ప్రాణాలను అది నిలబెట్టింది. 2016 అక్టోబరు 2న అసంఘటిత కార్మికుల కోసం చంద్రన్న బీమా వచ్చింది. ప్రమాదంలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు అది. 2019 అక్టోబరులో సొంత ఆటో, టాక్సీ ఉన్న డ్రైవర్లకు ఏటా 10 వేల రూపాయలు ఇచ్చే వాహనమిత్ర పథకం ఏలూరులో ప్రారంభమైంది. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక తమ బేరాలు పడిపోయాయని ఆటో డ్రైవర్లు మొరపెట్టుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద దాదాపు 2 లక్షల 90 వేల మందికి తలా 15 వేల రూపాయలు అందాయి.

ఉచిత బస్సును మేము తప్పు పట్టడం లేదు. దానిలో ప్రయాణించేది మన తల్లులూ చెల్లెళ్లే. అలాగే 15 వేలను చిన్నచూపు చూడడం లేదు. బండికి ఎఫ్‌సీ చేయించడానికి, బీమా కట్టడానికి, టైర్లు మార్చడానికి ఆ డబ్బు అక్కరకు వస్తుంది. కానీ అది బండికి అందిన సాయం. మనిషి పడిపోయిన రోజు కోసం దాచింది కాదు. పైగా సొంత బండి ఉన్నవారికే అది వర్తిస్తుంది. పేదవారిలో కెల్లా పేదవాడు, బాడుగ బండి తోలేవాడు, ఈ లెక్కలోనూ బయటే ఉండిపోయాడు.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేయాలి. 2019 డిసెంబరులో మన రాష్ట్రంలోనే ఆరోగ్య ఆసరా అనే పథకం మొదలైంది. ఉచిత శస్త్రచికిత్స చేయించుకున్న పేదవారికి విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేల రూపాయలు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఆ మొత్తం చిన్నదే కావచ్చు. కానీ రోగికి వైద్యం ఒక్కటే చాలదు, కోలుకొనే దాకా తిండి కూడా వైద్యంలో భాగమేనన్న సత్యాన్ని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకొన్నది అప్పుడే. ఏ పార్టీ పెట్టిన పథకమన్నది కాదు ఇక్కడ ముఖ్యం. మంచి ఆలోచనకు పార్టీ రంగు ఉండదు.

ఇక కేంద్రం విషయం. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. 1923, 1948 నాటి చట్టాలు అందులో కలిసిపోయాయి. యాప్‌ల ద్వారా బండ్లు నడిపే కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం దాకా కార్మికుల సామాజిక భద్రతా నిధికి చెల్లించాలని ఆ కోడ్ చెబుతోంది. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఫోనులో బేరాలు పట్టే డ్రైవరుకు ఇది ఒక ఆశ. కాణిపాకం స్టాండులో నిలబడి "చిత్తూరు, చిత్తూరు" అని కేక వేసే డ్రైవరుకు ఏ కంపెనీ ఉంది? ఆయన కోసం రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా పథకం రూపొందిస్తే తప్ప ఆ కోడ్ నుంచి ఆయనకు దక్కేది అంతంత మాత్రమే.

పొరుగువారు ఏం చేశారు?

ఇది సాధ్యమయ్యే పనేనా అని సందేహించేవారు కాస్త సరిహద్దులు దాటి చూడాలి. చిత్తూరు నుంచి ఆటోలో పోతే గంట తిరక్కుండానే తమిళనాడు వస్తుంది. అక్కడ 1982లో చేసిన శారీరక శ్రామికుల చట్టం ఆధారంగా డ్రైవర్లకు సంక్షేమ మండలి నడుస్తోంది. కేరళలో 1985లోనే మోటారు రవాణా కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆటో కార్మికుల కోసం 1991లో విడిగా సంక్షేమ నిధి పథకం పెట్టారు. కర్ణాటక కూడా మోటారు రవాణా కార్మికుల కోసం, షెడ్డుల్లో పనిచేసే మెకానిక్కుల వంటి వారిని కూడా కలుపుకొని సామాజిక భద్రతా చట్టం చేసింది. తెలంగాణ 2015లో డ్రైవర్లకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది.

మలేసియా సంగతి మరింత ఆసక్తికరం. సొంతంగా పని చేసుకొనేవారికి కూడా గాయాల నుంచి రక్షణ ఉండాలని అక్కడి ప్రభుత్వం 2017లో చట్టం చేసింది. అన్ని వృత్తుల కన్నా ముందు ఆ చట్టాన్ని ఎవరికి వర్తింపజేశారో తెలుసా? టాక్సీ డ్రైవర్లకు. డ్రైవరు తాను ఎంచుకొన్న ఆదాయం మీద 1.25 శాతం కడతాడు. పనిలో గాయపడితే వైద్యం, పని చేయలేని రోజులకు భత్యం, అంగవైకల్యం వస్తే పరిహారం, మరణిస్తే కుటుంబానికి పింఛను లభిస్తాయి. యజమాని ఎవరన్న ప్రశ్ననే అక్కడ పక్కన పెట్టారు.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రం 1999లో మరో దారి పట్టింది. ముందుగా పిలిపించుకొనే అద్దె కార్ల డ్రైవర్ల కోసం 'బ్లాక్ కార్ ఫండ్' అనే నిధిని చట్టం ద్వారా ఏర్పాటు చేసింది. ప్రతి ప్రయాణం ఛార్జీ మీద చిన్న శాతం అదనంగా వసూలు చేసి ఆ నిధిలో వేస్తారు. డ్రైవరు ఎవరి కింద నౌకరీ చేయనక్కరలేదు, స్వతంత్రంగానే ఉంటాడు. గాయపడితే మాత్రం కార్మికుడికి దక్కే పరిహారం దక్కుతుంది. భారం ఎవరి మీద పడింది? ప్రయాణం చేసిన ప్రతి ఒక్కరి మీదా కొద్దికొద్దిగా. ఎవరికీ బరువనిపించలేదు.

ఇంత దూరం పోనక్కరలేదు కూడా. యజమాని తేలని కార్మికులకు నిధి పెట్టడం మన దేశానికి తెలిసిన విద్యే. ఇంటి అరుగు మీద చాట ముందేసుకొని బీడీలు చుట్టిన మన తల్లుల కోసం 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద వేసిన సెస్సుతో ఆసుపత్రులు నడిచాయి, పిల్లలకు ఉపకార వేతనాలు అందాయి. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం కట్టడాల ఖర్చు మీద 1 శాతం సెస్సు పెట్టారు. మేస్త్రీకీ యజమాని రోజుకొకడు మారతాడు. అయినా దారి దొరికింది. డ్రైవరుకు మాత్రం ఎందుకు దొరకదు?

రోజుకు నాలుగు రూపాయల లెక్క

ఇది ఖజానాకు మోయలేని భారమా? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 2 లక్షల 90 వేల మంది డ్రైవర్ల పేరిట తలా ఏడాదికి 1,500 రూపాయలు ఒక నిధిలో చేరితే మొత్తం 43 కోట్ల 50 లక్షల రూపాయలు అవుతుంది. అంటే 15 వేల సాయంలో పదో వంతుకు సమానం. గాయపడిన డ్రైవరుకు రోజుకు 300 రూపాయల చొప్పున విశ్రాంతి భత్యం ఇస్తే ఆ డబ్బు 14 లక్షల 50 వేల రోజులకు సరిపోతుంది. ఒక్కొక్కరికి మూడు నెలలు అనుకొన్నా 16 వేల మందికి పైగా ఇవ్వవచ్చు. అంటే ప్రతి పద్దెనిమిది మంది డ్రైవర్లలో ఒకరు ఒకే ఏడాది మూడు నెలలు మంచాన పడ్డా నిధి తట్టుకొంటుంది. కార్యాలయం ఖర్చులు కొంత తీసివేసినా పరిస్థితి పెద్దగా మారదు.

ఇస్తున్న 15 వేలలో కోత పెట్టమని మేము అనడం లేదు. 1,500 రూపాయలంటే రోజుకు నాలుగు రూపాయల పైచిలుకు మాత్రమే. స్టాండులో తాగే ఒక చాయ్ వెల కూడా కాదు. అందులో ఒక పాలు డ్రైవరు వేయవచ్చు. ఒక పాలు ప్రభుత్వం వేయాలి. మరొక పాలు రవాణా వాహనాల పన్నుల నుంచి, యాత్రాస్థలాల్లో వాహనాల వద్ద వసూలు చేసే రుసుముల నుంచి రావచ్చు. యాత్రికుల రాక వల్ల ఆదాయం పెరిగే ప్రతి సంస్థకూ ఆ యాత్రికులను మోసుకొచ్చినవాడి పట్ల కొంత బాధ్యత ఉంటుంది.

అందుకే మా కోరిక ఇది. ఆటో, టాక్సీ, జీపు డ్రైవర్లకు రాష్ట్రంలో చట్టబద్ధమైన సంక్షేమ మండలి ఏర్పడాలి. దానిలో సభ్యత్వానికి బండి ఎవరి పేరున ఉందన్నది కాక, లైసెన్సు ఎవరి చేతిలో ఉందన్నది కొలబద్ద కావాలి. అప్పుడే బాడుగ బండివాడు లోపలికి వస్తాడు. వైద్యుడు ధ్రువీకరించిన విశ్రాంతి రోజులకు భత్యం దక్కాలి. పగలంతా పొగలో, ఎండలో కూర్చొనేవారికి వచ్చే నడుము నొప్పి, చక్కెర జబ్బు, కంటి జబ్బులకు ఏడాదికొకసారి స్టాండు దగ్గరే పరీక్షలు జరగాలి. కంటిచూపు తగ్గిన డ్రైవరు రాత్రి ఘాట్ రోడ్డు మీద బండి తోలితే ప్రమాదం అతనికొక్కడికేనా?

దొంగ సర్టిఫికెట్లతో డబ్బు కాజేస్తారని కొందరు అనవచ్చు. ఆ భయం అన్ని పథకాలకూ ఉన్నదే. ఆసుపత్రి రికార్డుతో పాటు స్టాండు సంఘం సాక్ష్యం కూడా అడిగితే చాలావరకు అదుపులో ఉంటుంది. ఎవరు నిజంగా పడ్డారో, ఎవరు నటిస్తున్నారో స్టాండులో ఉన్నంత తెలివిగా ఏ అధికారికీ తెలియదు.

మన వంతు మాటేమిటి?

ప్రభుత్వాన్ని అడిగేముందు మన ఇల్లు కూడా చక్కబెట్టుకోవాలి. లైసెన్సు లేకుండానే తమ్ముడి చేతికి బండి ఇచ్చే అన్నలు మనలో లేరా? ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో ఎనిమిది మందిని కుక్కి, తాను సీటు అంచున వేలాడుతూ తోలేవారు లేరా? బీమా గడువు తీరినా "రేపు కడదాంలే" అని తిరిగేవారు లేరా? ప్రమాదం జరిగిన రోజు ఈ నిర్లక్ష్యాలే కుటుంబం నోటి కాడి కూడును లాగేస్తాయి. రావాల్సిన పరిహారం కూడా చిక్కుల్లో పడుతుంది. ఎక్కించుకొన్న ప్రయాణికుడి ప్రాణం మన చేతిలో పెట్టిన అమానత్. దానికి జవాబు చెప్పుకోవాల్సింది పోలీసుకు మాత్రమే కాదు.

ఈ రోజు చేయగలిగిన పనులూ కొన్ని ఉన్నాయి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారెవరైనా ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం కలిగినా 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష రూపాయలు వస్తాయి. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోవాలి, లేకుంటే జూన్ 1 నుంచి రక్షణ ఉండదు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. రేపు ఏ పథకం వచ్చినా అసంఘటిత కార్మికుల జాబితా అక్కడి నుంచే మొదలవుతుంది. బండి బీమా కాగితాన్ని ఇంట్లో చదివిన పిల్లల చేత ఒకసారి చదివించుకోండి. అందులో వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూడండి. జీతం మీద డ్రైవరును పెట్టుకొన్న ఓనర్లు కొద్దిపాటి అదనపు ప్రీమియంతో అతనికి రక్షణ కొనవచ్చు. అది యాభై రూపాయల విషయమే. ఎముక విరిగితే పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉండవచ్చు, తప్పు లేదు. కానీ ముందు ఆసుపత్రిలో చూపించుకొని కాగితం తీసుకోండి. ఆ కాగితం లేకపోతే గాయం జరిగిందన్న రుజువే మిగలదు.

బీమా అనగానే మనలో కొందరికి ధార్మికపరమైన సంకోచం కలుగుతుంది. వడ్డీ, అనిశ్చితి ఉన్న లావాదేవీలకు దూరంగా ఉండాలన్న ఆ తపన గౌరవించదగినదే. అయితే 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ లాభాపేక్షతో నడిచే వాణిజ్య బీమాను అంగీకరించకపోయినా, పరస్పర సహకారంపై ఆధారపడిన బీమాను సమర్థించిందన్న విషయం గమనార్హం. మేము కోరుతున్న సంక్షేమ నిధి స్వభావం పరస్పర సహకారమే. అందరూ కొద్దికొద్దిగా వేసి, పడిపోయినవాడిని అందరూ కలిసి లేపడం. వ్యక్తిగతంగా సందేహం ఉన్నవారు తాము నమ్మే ఆలిములను అడిగి తెలుసుకోవాలి. సందేహం పేరుతో భార్యాపిల్లలను గాలికి వదిలేయడం మాత్రం ధర్మం కాదు.

మస్జిదు కమిటీలూ, బైతుల్‌మాల్ నిర్వాహకులూ కూడా ఈ విషయం ఆలోచించాలి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో నిరుపేదలతో పాటు రుణగ్రస్తులూ ఉన్నారు. మంచాన పడి అప్పులపాలైన డ్రైవరు ఈ రెండింటిలో ఏదో ఒక దానిలోకి రాకుండా పోడు. అయితే అతను రమజానులో చెయ్యి చాచేదాకా ఆగకూడదు. గాయపడిన మొదటి నెలలోనే అతని గుమ్మం తొక్కితే కమ్మలు కుదువకు పోవు, పిల్లవాడి చదువు ఆగదు. దీనితో పాటు ప్రతి స్టాండులో ఒక సహాయ నిధి పెట్టుకోవాలి. ఆ నిధికి మతం ఉండకూడదు. 786 అంకె ఉన్న బండివాడూ, వినాయకుడి బొమ్మ ఉన్న బండివాడూ ఒకే గుంతలో పడతారు, ఒకే ఆసుపత్రిలో పడుకొంటారు. నమాజు వేళకు మన బండిని చూసుకొనేవాడి కష్టం మనది కాకుండా ఎలా పోతుంది?

కానీ ఒక్క మాట. దానం హక్కుకు ప్రత్యామ్నాయం కాదు. ముప్పై ఏళ్లు జనాన్ని మోసినవాడు కాలు విరిగిన నాడు ఎవరి దయ మీదా ఆధారపడే స్థితి రాకూడదు. అతను బిచ్చం అడగడం లేదు. తాను చేసిన శ్రమకు సమాజం బాకీ పడినది అడుగుతున్నాడు.

కాణిపాకం గురించి ఒక స్థలపురాణం చెబుతారు. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు ఉన్న కొద్దిపాటి కాణి నేలను కలిసి సాగు చేసుకొంటూ బతికారట. ఒకడి లోటును మరొకడు పూడ్చాడు కనుకే ఆ పొలం పండింది. ఇంకొక విషయం కూడా మన జిల్లాలో అందరికీ తెలుసు. ఎవరి మాట మీదైనా అనుమానం వస్తే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడుగుతారు. రాజకీయ నాయకులు కూడా ఒకరికొకరు ఈ సవాలు విసురుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

మేము వారిని ప్రమాణం చేయమని అడగడం లేదు. ప్రతి ఎన్నికలప్పుడూ ఖాకీ చొక్కా వేసుకొని ఆటో హ్యాండిల్ పట్టుకొని ఫోటోలు దిగిన నాయకులందరినీ ఒక్కటే అడుగుతున్నాం. ఆ చొక్కా వేసుకొన్నవాడు పడిపోయిన రోజున అతని ఇంట పొయ్యి ఆరకుండా ఒక చట్టం చేయండి. ఇంకో పిల్లవాడు పుస్తకాలు మూసి షెడ్డుకు పోకముందే చేయండి.